మందిరం వాకిట్లో ఛాసీ

సాగర్ డ్యాం కడుతున్న ఆ రోజుల్లో నేను మాచర్ల దగ్గర మా మిషను ఆసుపత్రి పికప్ వ్యాను నడిపేవాణ్ణి. యుద్ధకాలం నాటి బండి అది. వెనక తొట్టిలో పరుపు వేసి, పైన టార్పాలిన్ కట్టి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాన్పు కష్టమైన ఆడవాళ్లనూ పాము కరిచినవాళ్లనూ తెచ్చేవాణ్ణి. మా నాన్న ఉపదేశి. ఊహ తెలిసినప్పటి నుంచి వాక్యం వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ స్టీరింగు దేవుడు నాకిచ్చిన పరిచర్య అనుకునేవాణ్ణి. దాన్ని పాడుచేసింది కూడా నేనే.

మందిరంలో కొత్త ప్రసంగ పీఠానికి దుర్గి నుంచి రాయి తెమ్మన్నారు. దేవుడి పని కదా, బరువు సంగతి ఆయనే చూసుకుంటాడని మొత్తం ఒక్క ట్రిప్పులోనే వేసుకొచ్చాను. వాగు దాటుతుంటే ఎడమ ముందు చక్రం గోతిలో పడింది. రాయి చెక్కు చెదరలేదు. బండి మాత్రం ఆ రోజు నుంచి తిన్నగా నడవలేదు.

"ఏంది బావా, నీ బండి పీత లెక్క పక్కకి నడుస్తంది?" అని టీ కొట్టు దగ్గర నవ్వేవాళ్లు.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది తిన్నగా నడిస్తేనే మనుషుల్ని ఎక్కించేది. లేదంటే పాత ఇనుముకి ఇచ్చేద్దాం" అంది. ఇంకో బండి కొనే స్తోమత ఆసుపత్రికి లేదు. ఇది పోతే ఆ ఊళ్ల రోగులకు మళ్లీ ఎడ్లబండే గతి.

డ్యాం పనుల్లో లారీలు బాగుచేసిన ఒక సాయిబు మేస్త్రీని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన బండి కిందికి దూరి చూసి ఛాసీ, అంటే బండి బరువంతా మోసే అడుగు చట్రం, వంగిందన్నాడు. ఎక్కడ ఎంత వంగిందో తేలాలంటే చదునైన నేల కావాలన్నాడు. మా ఊళ్లో అలాంటి చోటు ఒక్కటే, మందిరం ముందు పరిచిన నాపరాళ్లు. ఆదివారం లోపల చోటు చాలనివాళ్లు చాపలు వేసుకుని కూర్చునేది అక్కడే. చెప్పులతో ఎవరూ తొక్కరు.

సంఘ పెద్ద అడ్డం నిలబడ్డాడు. "మోకాళ్లూనే రాళ్ల మీద గ్రీజు పోస్తావంట్రా?"

కిందటేడు నా బండిలోనే ఆసుపత్రికి చేరి బతికిన ముసలమ్మ ఒకామె అక్కడే ఉంది. "ఊరుకో అన్నా, గ్రీజు నే కడుగుతాలే. ఈ బండి లేకపోతే నన్ను ఈ రాళ్ల మీదే పెట్టెలో పెట్టి పాటలు పాడేటోళ్లు" అంది. సంఘ పెద్ద నవ్వాపుకోలేక పక్కకు తప్పుకున్నాడు. గ్రీజు రాళ్లకు అంటకుండా మేము ఇంజను కింద ఊక పోశాం. మేస్త్రీ ఎవరూ చెప్పకుండానే చెప్పులు గేటు బయట వదిలాడు.

బండిని దుంగల మీదికెత్తి, బండి పొడుగునా పోయే ఛాసీ పట్టీలు రెండింటికీ అక్కడక్కడా దారంతో మట్టపుగుండు వేలాడదీసి, దాని మొన చూపిన చోటల్లా రాయి మీద సుద్దతో గుర్తు పెట్టాం. ఇక నడిమి గీత కావాలి. సంఘ పెద్ద రాళ్ల వరసల మధ్య అతుకు ఒకటి చూపించాడు. గుమ్మం నుంచి గేటు దాకా పోయే అతుకు. బండిని ముందే దాని వెంబడి నిలిపి ఉన్నాం.

"మా నాయన పరిచిన వరస ఇది. ప్రార్థన చేసి పరిచాడు. వంకర పోదు" అన్నాడు.

నాకూ అదే నమ్మకం. ఆ అతుకు నుంచి కొలిస్తే ఎడమ పట్టీ సరిగ్గానే ఉంది, కుడిది ముందువైపు రెండు వేళ్లు లోపలికి వచ్చింది. మేస్త్రీ కుడి పట్టీకి జాకీ ఆనించి, తిప్పబోయి ఆగాడు.

"తమ్ముడూ, గోతిలో పడింది ఏ పక్క?"

"ఎడమ."

"మరి కుడి పక్కకేం రోగం?"

జాకీ తీసేసి దారం అందుకున్నాడు. దెబ్బ తగలని వెనక సగంలో గుర్తు నుంచి గుర్తుకు ఇంటూ ఆకారంలో కొలిచి, రెండు కొలతలూ సమానంగా రావడంతో అది సరిగ్గా ఉందని తేల్చుకుని, దాని నడుమ నుంచి ముందుకు దారం సాగదీశాడు. ముందుకు పోయేకొద్దీ రాళ్ల అతుకు దారానికి కుడిపక్కకు జరిగిపోయింది. వంకర అతుకులో ఉంది. దారం నుంచి కొలిస్తే కుడి పట్టీకి ఏ లోపమూ లేదు, వంగింది ఎడమదే. జాకీ నాలుగు తిప్పులు తిప్పి ఉంటే మంచి పట్టీ కూడా వంగేది. బండి పాత ఇనుముకే పోయేది.

సంఘ పెద్ద ముఖం చిన్నబోయింది. మేస్త్రీ ఆయన వైపు చూసి, "మీ నాయన దండం పెట్టుకోడానికి పరిచాడు పెద్దాయనా, లారీలు కొలవడానికి కాదుగా" అన్నాడు. పెద్దాయన పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చుని, "తే, దారం కొస నే పట్టుకుంటా" అన్నాడు.

మంచి పట్టీ వంగకుండా దానికి తుమ్మదుంగ ఆనించి, జాకీతో ఎడమదాన్ని బయటికి నెట్టారు. వదిలితే ఇనుము కొంత వెనక్కి వచ్చేది. అందుకని కావలసినదానికంటే కొంచెం ఎక్కువ నెట్టడం, వదలడం, గుండు వేసి చూడడం. మధ్యాహ్నం దాకా అదే పని. దేవుడి పని అన్నానే గాని, రాయి ఎక్కించేటప్పుడు బరువు చూడలేదు, కొలిచేటప్పుడు గీత చూడలేదు. నా కోసం ఆ గీత చూసే మనిషిని పంపినందుకు ఆ దేవుడికి ఈనాటికీ కృతజ్ఞుణ్ణి.

సాయంత్రం ఆసుపత్రి ముందు నీళ్లు చల్లి, ఆ తడి మట్టి మీద బండి నడిపాను. డాక్టరమ్మ వంగి చూసింది. వెనక చక్రాల జాడ ముందు చక్రాల జాడ మీదే పడింది.

"గురజాల అవతల ఒకావిడకి పొద్దుటి నుంచి నొప్పులంట. పరుపు వెయ్" అంది.

"స్తోత్రం ప్రభువా" అన్నాను. అంతకంటే పెద్ద ప్రార్థనకు వ్యవధి లేదు.