ఏడు మళ్లకు తడి

నడుము నొప్పికి కసరత్తు చేయమని డాక్టరు చెప్పాడని మొన్న మా అపార్ట్‌మెంటు కింద కొత్తగా పెట్టిన జిమ్ములో అడుగు పెట్టాను. రబ్బరు, ఇనుము, ఎవరిదో ఆరని చెమట కలిసిన వాసన గుప్పున కొట్టింది. ఒక మూల తెడ్డేసే మిషను ఉంది. పడవా ఉండదు, ఏరూ ఉండదు, కూర్చున్న పీట ముందుకూ వెనక్కూ జారుతుంటే పిడి పట్టి లాగుతూ ఉండాలి, అంతే. ఆఫీసూ ఇల్లూ మోసి మోసి అలిసిపోయిన నాకు దాన్ని చూడగానే కూర్చోవాలనిపించింది గానీ లాగాలనిపించలేదు. కానీ ఆ వాసన నన్ను యాడికి అనే ఊరి దగ్గర మా పల్లెకు, ఎర్రమన్ను అలికిన మా ఇంటి నడవలోకి ఈడ్చుకుపోయింది.

తొంభైల చివరి ఏళ్లవి. ముంగారు తొలకరి వానకు శెనక్కాయ విత్తి, మొలక చూసి మురిసి, ఆపైన వాన కోసం మొగులు వంక చూసి చూసి మెడలు పట్టేసిన కాలం. పండిన ఏడు చలికాలమంతా కళ్లాల దగ్గర చెత్త మంటల్లో కాల్చిన శెనక్కాయల కమురు వాసన, చేతులకూ మూతులకూ మసి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టుకుని తినే రాగిసంగటి, ఉగాదికి మా జేజి, అంటే నాయనమ్మ, నెయ్యి పోసి చేతిలో పెట్టే వేడి ఓళిగల బొబ్బట్లు, పీర్ల పండక్కి పీర్లు నిలబెట్టే మకాను దగ్గర దోసిట్లో పోసే చక్కెర. పండని ఏడు ఇవే పండుగలు వచ్చేవి, కొంచెం కొంచెంగా వచ్చేవి. పిల్లలం కాబట్టి మేం గచ్చకాయలాడుకుంటూ ఆ కొంచెం కూడా మహా సంబరంగా తినేవాళ్లం.

మా నాయనకు నాయన, మా జేజినాయన, అప్పటికి తొంభైకి రెండు తక్కువ. వయసులో ఉన్నప్పుడు కపిల తోలినవాడు. అంటే ఎద్దుల్ని బావి గట్టు వాలులో కిందికి నడిపి, తోలు బానతో నీళ్లు పైకి లాగించి, మళ్లీ ఎద్దుల్ని వెనక్కి ఎక్కించడం. పొద్దు పొడిచింది మొదలు ఎండ నెత్తికెక్కేదాకా అదే పని. ఆ బావి కింద మాకు ఏడు మళ్లు. నేను పుట్టేసరికే ఎద్దులు పోయాయి, ఊరి చుట్టూ బోర్లు పడి బావి అడుగంటింది. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "నీళ్లు యాడికీ పోలేదు పాపా. తోడేవాడు లేక ఊట మూసుకుండాది. మనిషైనా అంతే" అనేవాడు. ఊట చూసొస్తానని ఒకనాడు మెట్లు దిగబోయి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక నడక లేదని డాక్టరు తేల్చేశాడు. మంచం పట్టిన ముసలాయన మంచం మీదే పోతాడని మా ఊర్లో అందరికీ తెలుసు, అందరికన్నా ముందు ఆయనకు తెలుసు.

అప్పుడే పుట్టపర్తిలో గదులు అద్దెకిచ్చే మా చిన్నాయన లారీలో ఇట్లాంటి తెడ్డు మిషనే ఒకటి దించాడు. దేశం విడిచి పోతూ ఎవరో తెల్లామె వదిలేసి వెళ్లిందట. కొయ్య చట్రం, దాని ముందు డోలంత గాజులాంటి గుండ్రటి తొట్టి, అందులో నీళ్లు. పిడి లాగితే లోపల రెక్కలు తిరిగి నీళ్లు సుడి తిరుగుతాయి. ఎన్ని నీళ్లుంటే అంత బరువు. "నీళ్లు లేని ఊరికి పడవ తెచ్చినావు, నీ తెలివి తెల్లారినట్లే ఉండాది" అని మా నాయన నవ్వాడు. జేజినాయన నవ్వలేదు. నీళ్ల చప్పుడు విని, తన్ను ఎత్తి దాని మీద కూర్చోబెట్టమన్నాడు.

మరునాటి నుంచి రోజూ అదే. నూరు లాగుళ్లకు ఒక మడి తడిసినట్టు ఆయన లెక్క. పంచె ఎగగట్టి, పీట జారకుండా కట్టించుకుని, పిడికి పాత తువ్వాలు చుట్టి, కళ్లు మూసుకుని చేతులతోనే లాగేవాడు. నూరైతే ఆగి "రాళ్లమడి పారింది" అనేవాడు. ఆ తర్వాత ఉల్లిగడ్డల మడి, చింతమాని మడి, అట్లా. "అప్పుడు ఎద్దుల్ని తోలితి, ఇప్పుడు నేనే ఎద్దు" అనేవాడు. జేజి మాత్రం స్తంభానికి ఆనుకుని వక్క నములుతూ "కాటికి కాళ్లు చాపుకోని ఈ యాగీ ఏందప్పా" అని గొణిగేది, అంటూనే విసనకర్ర విసిరేది. మొదట్లో ఒక మడికే గస వచ్చేది. శెనక్కాయలు పీకేనాటికి మూడు, ఉగాదికి అయిదు. ఆరో మడి సగంలో మాత్రం చేతులు పడిపోయేవి. ఏడోది, చిట్టచివరి కడమడి, ఎప్పుడూ ఎండిపోయే ఉండేది. "కడమడి ఎండబెట్టి పోతానా ఏంది? పారించినాకే దిగేది" అనేవాడు. రేపు అనే మాటకు ఆయన దగ్గర ఉన్న అర్థం ఆ కడమడి ఒక్కటే.

ఆ ఎండాకాలం రోళ్లు పగిలే రోహిణిలో నీళ్ల ట్యాంకరు మూడు రోజులు రాలేదు. మూడో రోజు పొద్దున మా ఎనుము, అదే మా గేదె, ఈనింది. ఇంట్లో ఉన్న కడపటి బిందె దానికే పోశారు, చాలలేదు. అమ్మా నాయనా పక్క ఊరికి నీళ్లకు పోయారు. ఎనుము ఖాళీ కుడితి తొట్టిని నాకుతుంటే గరగర చప్పుడు నడవలోకి వినిపిస్తోంది. జేజినాయన నిద్రలో ఉన్నాడు. నాకు పదేళ్లు. మిషనుతో పాటు వచ్చిన సన్న పైపు పెట్టి, దాని నీళ్లు ఒక చిన్న బిందెడు తీసి ఎనుముకు పోశాను. అది ఒక్క గుక్కలో తాగేసి నా చెయ్యి నాకింది.

సాయంత్రం అమ్మా నాయనా తిరిగొచ్చి ఆయన్ను మిషనెక్కించారు. అయిదు మళ్లు ఆగకుండా పారాయి. ఆరోది దాటాడు. జేజి విసనకర్ర ఆపేసింది. ఏడోదాంట్లో నూరో లాగుడికి పిడి వదిలేసి "కడమడి పారింది!" అని అరిచాడు, ఆ అరుపులో ఏడుపు ఉంది. వీధిలో పోతున్న వాళ్లందరినీ పిలిచి చక్కెర పంచమన్నాడు. నా దోసిట్లోనూ పోశారు. నేను తినకుండా గోడ వారన చీమలకు పోశాను.

అందరూ వెళ్లాక మిషను తొట్టి వంక చూసి "నీళ్లు తగ్గినాయి" అన్నాడు. నేను పైపును కాలితో పక్కకు తోశాను. "ఏడు మళ్లు పారితే తగ్గవా పాపా?" అని నా నెత్తి నిమిరాడు. నిజంగా అట్లాగే అనుకున్నాడో, పైపు తడి చూసి నన్ను కాపాడాడో నాకు ఈనాటికీ తెలియదు.

మరునాడు ట్యాంకరు వచ్చింది. నాయన మిషను తొట్టి నింపబోతే "ఒద్దప్పా, తడి అయిపాయ, మళ్లన్నీ పారినాయి" అన్నాడు జేజినాయన. మళ్లీ దాని మీదికి ఎక్కలేదు. మంచం వేయమని అడిగి, మిషనుకు వీపు పెట్టి పడుకున్నాడు. నెల తిరక్కుండానే, ఆరుద్ర కార్తె నాటికి పోయాడు. హాయిగా పోయాడని అందరూ అన్నారు. ఆ నీళ్లు నేను తీయకపోయుంటే ఇంకో ఏడాది ఆరో మడి సగంలో రొప్పుతూ, రేపు చూస్తానంటూ బతికుండేవాడని నా మనసు పీకుతూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడా బావి పూడ్చేశారు. ఏడు మళ్ల మీదా సోలారు పలకలు పరుచుకున్నాయి. మిషను కొయ్య పొయ్యిలోకి పోయింది. మళ్ల పేర్లు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

జిమ్ములో మిషనెక్కి కళ్లు మూసుకున్నాను. రాళ్లమడి పారింది. ఉల్లిగడ్డల మడి పారేసరికి భుజాలు లాగేస్తున్నాయి, ఊపిరి అందడం లేదు. ట్రైనరు కుర్రాడు జాలిగా వచ్చి వంగాడు.

"లోడ్ తగ్గించమంటారా మేడమ్?"

"ఒద్దప్పా" అన్నాను, ఎన్నేళ్లకో మా ఊరి మాట నోట్లోకి వచ్చింది. "తగ్గించొద్దు. ఉన్నట్లే ఉండనీ."

చింతమాని మడి ఇంకా సగం ఉంది.