పాత దుప్పటి ఇస్తేనే కొత్త గ్రహం

గ్రహాలు పట్టుకునే కంప్యూటర్ ఆటలో నేను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గెలవలేదు. అయినా మా ఆసుపత్రిలో ఆ ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లు త్వరగా గెలిచే ఉపాయం చెప్పమని నా దగ్గరికే వస్తారు. మునిగినవాళ్లకే కదా లోతు తెలిసేది. ఎన్ని రకాలుగా ఓడిపోవచ్చో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కాబట్టి, నేను చేసినవన్నీ చెప్పి, ఇవి చేయకండి అంటాను. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లి గెలుస్తారు. తర్వాత నాకు కనీసం ఒక టీ కూడా ఇప్పించరు.

నా ఉద్యోగం ఆసుపత్రిలో దుప్పట్ల స్టోరు చూసుకోవడం. వార్డు ఆయాలు మాసిన దుప్పట్లు, దిండు గలీబులు మూటకట్టి తెస్తారు. నేను లెక్కపెట్టి తీసుకుని, అన్నే ఉతికినవి ఇస్తాను. పాతది ఇస్తేనే కొత్తది. మా స్టోరు ధర్మశాస్త్రం మొత్తం ఈ ఒక్క ముక్కలోనే ఉంది. ఒకసారి సూపరింటెండెంటు గారు తడిచేతులతో వచ్చి తువ్వాలు అడిగితే, "పాతది ఏదండీ?" అన్న ఘనత నాది. ఆయన నన్ను ఒకసారి, బీరువా నిండా ఉన్న తువ్వాళ్లను ఒకసారి చూసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం దాకా నేను చాలా గర్వంగా తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ స్టోరుకి తలుపుంది గానీ డ్యూటీ వేళల్లో మూయకూడదు. ఇంటికొస్తే అక్కడా అదే గొడవ. మేం పడుకునే గదికి రెండు తలుపులు, ఒకటి హాల్లోకి, ఒకటి స్నానాలగది వైపుకి. ఇంట్లో ఎవరు మొహం కడుక్కోవాలన్నా మా మంచం పక్కనుంచే పోవాలి. పేరుకే అది గది, నిజానికి దారి. చీర మార్చుకోవాలంటే ముందు హాల్లోకి తొంగిచూసి అందరూ అక్కడే ఉన్నారో లేదో చూసుకోవాలి. తలనొప్పి వచ్చి కళ్లు మూసుకుంటే, "పడుకున్నావా?" అని అడుగుతూనే నన్ను దాటుకుని వెళ్తారు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది, తీరిగ్గా కూర్చుని ఏడవడానికి కూడా నాకు చోటు దొరకలేదు. అందుకే నన్ను ధైర్యవంతురాలు అంటుంటారు.

అలాంటి సమయంలో మేడమీద గదిలో అద్దెకుండే గడియారాల మెకానిక్ ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఒక కిటికీ, ఒక ఫ్యాను, ఒకే ఒక్క తలుపు, ఆ తలుపుకి లోపలివైపు గడియ. బట్టలు ఆరేయడానికి మేడెక్కినప్పుడల్లా ఆ గడియని చూసి వచ్చేదాన్ని. ఆ గది నాకు కావాలి. అంత గట్టిగా నేను ఏదీ కోరుకోలేదు. కానీ ఏమని అడగాలి? 'నాకొక తలుపు కావాలి' అంటే ఇంట్లో ఏమనుకుంటారు? అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేనేమో అడక్కుండానే అత్తగారు పెట్టాలని నెలల తరబడి కూర్చున్నాను.

ఈలోగా మా మరిది అడిగేశాడు. అతను ముందుగదిలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. మా ఇల్లు చూస్తే కంప్యూటర్ల మధ్య మేం అద్దెకున్నట్టుంటుంది. ఆ డబ్బాలన్నీ మేడమీదికి చేర్చుకుంటానని అతను అన్నాడు. కుట్టుమిషన్ పెట్టుకోవడానికి ఆ గది నాకు కావాలని గబుక్కున అన్నాను. మా కుట్టుమిషన్ మీద ఎప్పటినుంచో బియ్యం డబ్బా పెట్టుకుంటున్నామని ఇంట్లో అందరికీ తెలుసు. ఇల్లు మా అత్తగారిది, చెప్పాల్సింది ఆవిడే. కానీ కొడుకుని కాదంటే ఒక తంటా, కోడల్ని కాదంటే ఇంకో తంటా అని, మీరిద్దరూ తేల్చుకోండి అనేసింది. మావారు ఎలక్ట్రీషియన్. ఊళ్లో ఏ వైరు ముట్టుకోవాలన్నా భయపడని మనిషి ఈ విషయం మాత్రం ముట్టుకోలేదు.

"అయితే ఆటలో తేల్చుకుందాం వదినా. నువ్వు గెలిస్తే గది నీది, నేను గెలిస్తే నాది. నేర్చుకోవడానికి నెల రోజులు టైమిస్తా" అన్నాడు మరిది.

అతను సరదాకే అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. నాకు పౌరుషం వచ్చిన ప్రతిసారీ నష్టపోయేది నేనే, అయినా అది రావడం మానదు.

ఆట సంగతి క్లుప్తంగా చెప్తాను. మొదట్లో ఒక్కొక్కరికి ఒక్కో సొంత గ్రహం ఇస్తారు. చుట్టూ చీకటి. ఆ చీకట్లోకి వేగు ఓడల్ని పంపి ఖాళీ గ్రహాలు ఎక్కడున్నాయో వెతకాలి, మనుషుల్ని దింపి వాటిని పట్టుకోవాలి, వాటి రాబడితో యుద్ధ ఓడలు కట్టాలి. ఎదుటివాళ్ల సొంత గ్రహాన్ని పట్టుకున్నవాళ్లు గెలిచినట్టు. ఆట వంతులవారీగా సాగుతుంది. ఒకరి వంతు అయ్యేదాకా ఇంకొకరు ఆగాలి.

నేర్చుకోవడానికి మరిదితో ఆడిన మొదటి ఆటలో నేను ఒక వేగు ఓడని పంపాను. మరిది చకచకా నాలుగు దిక్కులకీ పంపేశాడు. నేను మాత్రం రెండోది పంపలేదు. నా గ్రహం మీద తోటలు వేశాను, బళ్లు కట్టాను, మంచి ఆసుపత్రి కూడా ఒకటి కట్టాను. మరిది గ్రహం తర్వాత గ్రహం పట్టుకుంటూ పోయాడు. చివరికి ఉండబట్టలేక, ఏం చేస్తున్నావు వదినా అని అడిగాడు. వేగు తిరిగి రావాలి కదా, వచ్చాక ఇంకోటి పంపుతాను అన్నాను.

"అది చచ్చిపోయి చాలాసేపైంది వదినా. ఎవరికోసం చూస్తున్నావ్?" అన్నాడు.

ఉద్యోగం మనిషి ఒంట్లోకి ఎంతగా ఇంకిపోతుందో ఆ రోజు తెలిసింది. ఆకాశంలో కూడా నేను పాతది అప్పజెబితేనే కొత్తది ఇస్తున్నాను. నా తోటలతో సహా మరిది నన్ను మింగేశాడు.

మా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పెద్దాయన ఒకరున్నారు. అందరూ ఎక్స్‌రే బాబాయి అంటారు. భోజనాల వేళ ఆయన తన సొంత లాప్‌టాప్‌లో ఈ ఆటే ఆడుకుంటారని విని, సిగ్గు విడిచి వెళ్లి నా కథంతా చెప్పాను. గది సంగతి, తలుపు సంగతి కూడా చెప్పేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది ఎక్స్‌రే గదిలో బయటపడటం న్యాయమే అనుకున్నాను. ఆయన పెద్దగా నవ్వలేదు. ఒక ఆట ఆడమని, పక్కన కూర్చుని చూశారు.

"నువ్వు ఆడట్లేదమ్మా, కాపలా కాస్తున్నావు. పంపిన ఓడ వస్తే వస్తుంది, లేకపోతే లేదు, రెండోది పంపెయ్. ఖాళీగా ఉన్న గ్రహానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు దిగినవాళ్లదే" అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు తగిలేదే. సొంత గ్రహానికి ముస్తాబులు తర్వాత చేసుకోవచ్చు, ముందు చుట్టుపక్కల రాళ్లైనా రప్పలైనా పట్టుకోమన్నారు. మంచి గ్రహం దొరికేదాకా ఆగేవాళ్లకి మంచివీ దక్కవు, చెడ్డవీ దక్కవు. పరిశోధనకి ఉన్న సొమ్మంతా నేను అన్ని విద్యలకీ సమానంగా పంచేదాన్ని, భోజనాల్లో ఎవరూ చిన్నబుచ్చుకోకుండా వడ్డించినట్టు. దాంతో ఏ విద్యా పూర్తయ్యేది కాదు. ముందు ఓడల వేగం ఒక్కటి చూసుకో, మిగతావి అలిగితే అలగనీ అన్నారు. ఇక యుద్ధ ఓడలైతే కట్టి వరసగా నిలబెట్టి చూసుకుని మురిసిపోయేదాన్ని. కదలని ఓడకి కూడా తిండి పెట్టాలని, కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఆయన చెప్పాకే తెలిసింది. నా రాబడి అంతా ఎటు పోతోందా అని అప్పటిదాకా మరిదిని అనుమానించాను.

నెలలో నేను బాగుపడ్డానని చెప్పను గానీ, కాస్త వేగంగా ఓడిపోవడం నేర్చుకున్నాను. స్టోరులో దుప్పట్లు మడతపెడుతూ గ్రహాలు లెక్కపెట్టేదాన్ని. ఒక ఆయా మూట తెచ్చి బల్లమీద పెడితే, ఆలోచనలో ఉండి, పాతవి చూడకుండానే కొత్తవి ఇచ్చేశాను. ఆవిడ భయపడిపోయి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

ఆట రోజు ఆదివారం మధ్యాహ్నం. మరిది ముందుగదిలో రెండు కంప్యూటర్లు ఎదురెదురుగా పెట్టాడు. మావారు స్టూలు మీద, అత్తగారు మంచినీళ్ల చెంబుతో మంచం మీద కూర్చున్నారు. ఆవిడకి ఆట అర్థం కాదు. కొడుకు వెనక కూర్చుంటే నేను ఏమనుకుంటానో, నా వెనక కూర్చుంటే కొడుకు ఏమనుకుంటాడో అని గోడ వైపు చూస్తూ కూర్చుంది.

మొదలుపెట్టడం దర్జాగానే మొదలుపెట్టాను. వేగుల్ని అన్ని దిక్కులకీ పంపాను, ఏది తిరిగొచ్చిందని చూడలేదు. కనబడ్డ రాయినల్లా పట్టుకున్నాను. మరిది ఒకటి రెండుసార్లు తలెత్తి నావైపు చూశాడు. మావారైతే స్టూలు కాస్త నావైపు జరుపుకున్నారు. చూస్తుండగానే నా ఓడలు మరిది సొంత గ్రహం గుమ్మం ముందుకెళ్లి నిలబడ్డాయి. అతని ఓడలు ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఒక్క నొక్కు నొక్కితే గది నాది.

నేను నొక్కలేదు. ఇంకొక్క ఓడ వస్తే బాగుంటుందనిపించింది. అదొచ్చాక, వెనక నా గ్రహం ఒట్టిగా ఉందే అనిపించి ఇంకొకటి కట్టాను. బీరువాలో ఆఖరి దుప్పటి ఎవరికీ ఇవ్వని చేయి నాది, మొత్తం ఒకేసారి ఊడ్చిపెట్టమంటే దానికి ప్రాణం ఒప్పుకోలేదు. అలా నేను సర్దుకుంటూ ఉండగా మరిది ఓడలన్నీ ఇంటికొచ్చేశాయి. నా ఓడలు మాడి మసైపోయాయి. చేతులు కాలాయి, ఇక ఆకులు పట్టుకున్నా లాభం లేదు. వచ్చే వంతులో కాకపోతే ఆ తర్వాతి వంతులో నా పని అయిపోతుందని నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

అయినా మరిది తన అలవాటు ప్రకారం గడ్డం కింద చేయి పెట్టుకుని ఆలోచనలో పడ్డాడు. అందరూ అతని తెర వైపే చూస్తున్నారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, నా వంతు వస్తే ఓడిపోదామని ఎదురుచూస్తున్నాను. అప్పుడొచ్చింది కోపం. ఏడుపొచ్చేంత కోపం. మరిది మీద కాదు, నా మీదే. నేను అనుమతి కోసం కూర్చున్న ఆ గది ఇన్ని నెలలుగా మా నెత్తిమీదే ఖాళీగా ఉంది. ఈ క్షణాన కూడా ఖాళీగానే ఉంది.

లేచాను. మంచినీళ్లకి లేచానని అనుకున్నారు. మా దారిగదిలోంచి దిండు తీసుకున్నాను, వంటింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తీసుకున్నాను. మెట్ల మలుపులో కుర్చీ గోడకి తగిలి చప్పుడైంది. ఎవరైనా పిలుస్తారేమోనని మెట్టు మీదే ఆగి చూశాను. ఎవరూ పిలవలేదు. గదిలోకి వెళ్లి, గడియ పెట్టి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా వయసులో ఆడమనిషి దిండు ఎత్తుకుని మేడమీదికి పారిపోయి గడియ పెట్టుకోవడం ఎంత నవ్వులాటగా ఉంటుందో అప్పుడే తట్టింది. అయినా లేవలేదు.

కింద మరిది, "వదినా, నీ వంతు" అని కేకేశాడు. కాసేపాగి మళ్లీ పిలిచాడు. తర్వాత ఆటలో గెలిచినవాళ్లకి వినిపించే బాకా మోత వినబడింది. నా వంతు కూడా అతనే ఆడేసుకున్నాడన్నమాట. ఆ రోజు గెలిచింది అతనే, అందులో నాకేం అనుమానం లేదు. ఇప్పటికీ కంప్యూటరు బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ కథ చెప్తాడు, ఆ ముందుగదిలోనే, తన డబ్బాల మధ్యే కూర్చుని.

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. నెమ్మదిగా, మెట్టుకో నిట్టూర్పుతో. అత్తగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మేడెక్కి ఎన్నాళ్లైందో. ఇక పంచాయితీ తప్పదని, ఏం చెప్పాలో లోపల్లోపల కూడబలుక్కున్నాను. కుట్టుమిషన్ మాట మళ్లీ ఎత్తకూడదనుకున్నాను. అడుగులు తలుపు బయట ఆగాయి. ఆవిడ ఆయాసం తీర్చుకుంది. తర్వాత రెండు వేళ్లతో తలుపు మెల్లగా తట్టింది.

"అమ్మాయ్, లోపలికి రావచ్చా?" అంది.

ఆ ఇంట్లో అప్పటిదాకా నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. అడిగే అవసరం ఎప్పుడూ రాలేదు. రండి అనాలనే నోరు తెరిచాను. అలవాటు అదే కదా.

"కాసేపాగి రండి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ "సరేలే" అని, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.