ఎమ్మిగనూరు బస్సెక్కిన ఎర్ర బకెట్లు

ఆ రోజుల్లో కుర్రవాడికి ఉద్యోగం వచ్చిందంటే ఎక్కడ అని అడిగేవారే తప్ప, ఏం పని అని అడిగేవారు కాదు. ఆ మర్యాద వల్లనే నా పరువు నిలిచింది. ఎమ్మిగనూరులో మా నాయన మగ్గం గుంటలో కూర్చునే, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ "మావోడు ఆదోనిలో పత్తి మిల్లు గుమాస్తా" అని చెప్పుకుని మురిసిపోయేవాడు. నిజానికి నేను చేసింది బకెట్లు మోసే ఉద్యోగం. అదీ నీళ్ళ బకెట్లు కాదు. ఎర్ర రంగు పూసి, మీద తెల్ల అక్షరాలతో 'నిప్పు' అని రాసిన సర్కారు మెచ్చే బకెట్లు.

ఎమర్జెన్సీ ముగిసిన కొత్తలో సంగతి ఇది. మిల్లు పెట్టినవాడు నిప్పంటుకుంటే ఆర్పడానికి ఇసుక నింపిన బకెట్లు గోడకు తగిలించి ఉంచాలనీ, లోపల మనుషులు పని చేస్తున్నంతసేపూ బయటపడే తలుపులకు తాళం వేయకూడదనీ చట్టం. మా సావుకారుకు చట్టమంటే చాలా గౌరవం. కనక బకెట్లు కొన్నాడు. అయితే ఆయన కూతురిని ఇచ్చింది ఎమ్మిగనూరులో నూనె మిల్లు ఉన్న ఇంటికి. ఆ వియ్యంకుడికీ ఇదే చట్టం. రెండు మిల్లులకూ ఇన్‌స్పెక్టరు ఒక్కడే, ఆయన ఒకే రోజు రెండు చోట్ల ఉండడు. కాబట్టి రెండు సెట్లు దండగ అని వియ్యంకులిద్దరూ తాంబూలాలు పుచ్చుకున్న రోజే తేల్చుకున్నారట. (ఆ పెళ్ళిలో రెండు వైపులవాళ్ళూ గొడవ పడకుండా ఒప్పుకున్న మాట ఇదొక్కటేనని మిల్లులో చెప్పుకునేవారు.)

ఆ విధంగా ఇన్‌స్పెక్టరు ఎటు వస్తున్నాడని కబురొస్తే అటు నేను బకెట్లతో ప్రయాణం కట్టేవాణ్ణి. ఆ బకెట్ల అడుగు గుండ్రంగా ఉంటుంది. నేల మీద నిలబడవు కనక ఇళ్ళకు ఎత్తుకుపోరని అలా చేస్తారట. బస్సు టాపు మీద పెడితే ప్రతి మలుపుకూ ఇటునుంచి అటు దొర్లి, కింద కూర్చున్నవాళ్ళకు మేళం వినిపించేవి. "ఏమప్పా, ఈ పొద్దు ఎవురికి పెండ్లి?" అని కండక్టరు అడగని రోజు లేదు. వాటిలో ఒకటి ఓసారి టాపు మీదినుంచి పడి పెద్ద సొట్ట పోయింది. అప్పటినుంచి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పెళ్ళిచూపులకు పోయేవాడు కూడా అంత జాగ్రత్తగా కూర్చోడు.

ఇంక నింపడం. అన్నిటి నిండా ఇసుక పోసి ఎత్తాలంటే నడుములు పడిపోతాయి. అందుకని వాచ్‌మన్ తాత ఒక ఉపాయం కనిపెట్టాడు. అడుగున దూది చెత్త కుక్కి, పైన జానెడు ఇసుక పరిచేవాడు. నిప్పార్పే బకెట్లో దూది చెత్త! చూడడానికి నిండుగా, ఎత్తడానికి తేలిగ్గా ఉండేది. ఇన్‌స్పెక్టరు ఏనాడూ వేలు పెట్టి చూడలేదు, పాపం చేతికి మట్టి అవుతుందని.

మిల్లు లోపల పత్తి గంపలు మోసే ఆడవాళ్ళలో పెద్దకడుబూరు నుంచి వచ్చే ఒకామెను అందరం గంపక్క అనేవాళ్ళం. నెత్తిన గంపతోనే నవ్వేది, నెత్తిన గంపతోనే తిట్టేది. ఆమెకు బకెట్ల మీద కోపం లేదు, వెనక తలుపు మీదే కోపం. ఆడవాళ్ళు ఒడిలో దూది దాచుకుపోతారని సావుకారు ఆ తలుపుకు తాళం వేసి, చెవి తన మొలతాడుకు కట్టుకునేవాడు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రం తలుపు బార్లా తెరిచేవాడు. "ఆ సారు దినామూ వస్తే బాగుండుల్యా. గాలన్నా ఆడుతాది" అనేది గంపక్క.

నేనూ ఒకసారి ధైర్యం చేసి, "అయ్యా, మనకంటూ ఇంకో సెట్టు కొందామా?" అని అడిగాను. సావుకారు నన్ను జాలిగా చూశాడు. "ఏం రా, మిల్లు దినామూ అంటుకుంటాందా?" అన్నాడు. దినామూ అంటుకోదని నేనూ ఒప్పుకోవలసి వచ్చింది.

అది ఒక ఎండాకాలం ఉదయం అంటుకుంది. అప్పుడు నేను బకెట్లతో సహా ఎమ్మిగనూరు నూనె మిల్లులో ఉన్నాను. ఇన్‌స్పెక్టరు గోడ పొడుగునా నడిచి, సొట్ట బకెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, "బకెట్లు బాగా పెట్టినారు" అని మెచ్చుకుని, వియ్యంకుడి ఇంట్లో ఉగ్గాని, బజ్జీల ముందు కూర్చున్నాడు. అప్పుడే ఆదోని నుంచి ఫోను వచ్చింది. రిసీవరు నేనే ఎత్తాను. అవతల మా సావుకారు. "రేయ్, మిల్లు అంటుకునింది. బకెట్లు తీసుకోని రా, జల్దీ!"

మీకు నవ్వు రావచ్చు గానీ నాకు ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళకు బకెట్లకు వాటి పని దొరికింది! లోపల గంపక్క, మిగతా ఆడవాళ్ళు, ఆ తాళం అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలాయి. వియ్యంకుడు లారీ ఇస్తే, బకెట్లు గుమ్మరించి ఖాళీవి అందులోకి ఎక్కించాను. ఇన్‌స్పెక్టరుకు కూడా సంగతి చెప్పి, చెప్పిన నోటితోనే "తిని పోండి సార్, చల్లారిపోతాది" అని ఇంకో రెండు బజ్జీలు వడ్డించాడు. నేను లారీ వెనక బకెట్ల మధ్య నిలబడి, సొట్టదాన్ని గుండెకు హత్తుకుని దారి పొడుగునా కేకలేశాను. "ఇంగా జల్దీ పోన్నా! మనుషులుండారు లోపల!"

నేను చేరేసరికి నిప్పు లేదు. నల్లబడిన గోడ, తడిసి కంపుకొడుతున్న దూది, పగిలిన కడవలు ఉన్నాయి. యంత్రంలో పత్తితోపాటు రాయి పడి నిప్పురవ్వ లేచిందట. గోడకు ఖాళీ మొలలే ఉన్నాయి. వెనక తలుపుకు తాళం ఉంది, తాళంచెవి ఇంట్లో అన్నం తింటున్న సావుకారు మొలలో ఉంది. గంపక్క తూకపు గుండు ఎత్తి తాళం మీద బాది, తలుపు పగలగొట్టి అందరినీ బయటికి తోసింది. మళ్ళీ లోపలికి పోయి, అంటుకున్న మూటలను చేతులతో ఈడ్చింది. తాగే నీళ్ళ కడవలతో తక్కినవాళ్ళు ఆర్పారు. సావుకారు నాకు ఫోను చేసింది ఇదంతా అయిపోయాక. ఆయన బకెట్లు అడిగింది నిప్పు కోసం కాదు, నిప్పు కబురు విని వచ్చే ఇన్‌స్పెక్టరు కోసం.

"నిలబడి సూస్తావేంరా? తగిలియ్యి!" అని గద్దించాడు. వాచ్‌మన్ తాత అలవాటు ప్రకారం చెత్త కుక్కి ఇసుక పరిచాడు. నల్లటి గోడ మీద ఎర్ర బకెట్లు కొత్త పెళ్ళికొడుకుల్లా మెరిశాయి. సావుకారుకు అది నచ్చలేదు. పంచె ఎగగట్టి, రెండు చేతులా గోడ మీది మసి తీసి ఒక్కో బకెట్టుకూ తానే పూశాడు. ఆయన మిల్లులో ఒళ్ళు వంచి పని చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. సావుకారు నల్లటి చేతులు చూసి చలించిపోయాడు. "మీరు గూడా ఆర్పడానికి దిగినారా?"

"నా బిడ్డల్లాంటోళ్ళు సార్. దిగకుండా ఉంటానా?"

"మరి ఇసుక వాడనే లేదే? అన్నీ నిండుగా ఉండాయే?"

"ఏం సెప్పేది సార్! సదువు లేని ఆడోళ్ళు. కండ్లెదురుగా ఉన్నా తెలియకపాయె."

గంపక్క ఓ మూల తడిగుడ్డలు చుట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "యాడుండాయి సామీ? పొద్దున మొలలే కదా ఉండేది" అంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. బకెట్లు ఉన్నాయంటే కాలిన చేతులు ఆమె తెలివితక్కువతనం. లేవంటే సావుకారు నేరం, ఆమె వైద్యమూ బతుకూ ఆయన చూడాలి. అంతా ఆ ఒక్క మాట మీద ఆగి ఉంది. "సార్, అవి పొద్దున ఎమ్మిగనూరులో మీ ముందరే ఉండె కదా! సొట్ట సూడండి, మీరు దాని కాడ నిలబడితిరి!" అని అరిచాను.

ఇన్‌స్పెక్టరు సొట్ట చూశాడు. నన్ను చూశాడు. అవునంటే పొద్దున తాను మెచ్చుకున్నది ఏమిటో కూడా చెప్పుకోవాలి. ఇంకా బజ్జీల నూనె ఆరని పెదాలు తుడుచుకుని, "బకెట్లన్నీ ఒక్క తీరుగనే ఉంటాయిలే బాబూ" అన్నాడు. పనివాళ్ళకు బకెట్లు వాడడం నేర్పించాలని రాసుకుని పోయాడు. తలుపు పగలగొట్టినందుకు గంపక్కను ఆ సాయంత్రమే రావద్దన్నారు. నన్నూ అన్నారు. సావుకారు సొట్ట బకెట్టును నా వెనకాలే విసిరి, "దీన్ని గూడా ఎత్తుకుపో, మళ్ళా ఎవురి కంటా పడకూడదు" అన్నాడు. (నా సర్వీసుకు దక్కిన సన్మానం అది.)

తర్వాత నేను ఎమ్మిగనూరులో చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నాను. సొట్ట బకెట్టును గుమ్మం పక్కన మొలకు తగిలించి ఇసుక పోశాను. ఆకూవక్కా వేసుకునే పెద్దమనుషులు దాన్లో ఉమ్ముతారు, నేను తిట్టుకుంటూ ఇసుక మారుస్తాను. కొట్టు తెరిచి ఉన్నంతసేపూ వెనక తలుపుకు గొళ్ళెం కూడా పెట్టను. ఓ మధ్యాహ్నం అటునుంచి ఎవడో దూరి తువ్వాళ్ళ కట్ట ఎత్తుకుపోయాడు. మా ఆవిడ తిట్టని తిట్టు లేదు. పోతే పోనీ అన్నాను.

గంపక్క కొన్నాళ్ళు మా బస్టాండులో ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మింది. వంకరపోయిన వేళ్ళతో పొట్లం కట్టలేక, కొనేవాళ్ళనే కట్టుకోమనేది. ఒకరోజు నీళ్ళు తాగడానికి కొట్లోకి వచ్చింది. ముందు వెనక తలుపు చూసింది. తర్వాత బకెట్టు చూసి, ఆ వంకర వేళ్ళను ఇసుకలోకి మణికట్టు దాకా దించింది.

"అడుగుదాకా ఇసుకే ఉందప్పా" అంది ఆశ్చర్యంగా. తర్వాత చెయ్యి దులుపుకుని నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం చాలాసేపు నాకు బేరం మీద బుద్ధి నిలవలేదు. లారీ మీద నిలబడి, ఖాళీ బకెట్టును గుండెకు హత్తుకుని జల్దీ పొమ్మని గొంతు చించుకున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పిచ్చివాడు, నిప్పార్పడానికే పోతున్నానని అనుకున్నాడు.