అరుగు మీది జముకు

మా మరిది పోయాడన్న కబురు తెచ్చినవాడు టెక్కలిలో మా గుమ్మం ఎక్కలేదు. మందస నుంచి వచ్చిన బస్సు దిగి, సంచీ చేత పట్టుకుని వీధిలోనే నిలబడ్డాడు. అతను నోరు తెరవకముందే నేను పొయ్యి మీది గిన్నె దింపేశాను.

మరిది మందసలో గుడి అర్చకుడు. మంత్రం తప్పు పలికినవాణ్ణి నేను క్షమించను. మరిది నోట ఒక్క అక్షరం జారగా నేను వినలేదు. కాని చిన్నతనంలో జలంత్రకోట కొబ్బరితోటల్లో కథలు చెప్పేవాళ్ళ దగ్గర జముకు విన్నాడు. చంకలో ఇరికించుకుని తీగ మీటే తోలు వాయిద్యం అది. అప్పటినుంచి అతని వేళ్ళు నిలవలేదు. మా ఇంటికి వస్తే నేను తోముతున్న గిన్నెల మీద వాయించేవాడు. ఎంగిలి గిన్నె ముట్టుకోవద్దని, తోమింది తీసుకోమని కసిరేదాన్ని. నవ్వి, తోమినదే తీసుకునేవాడు.

ఆంధ్ర రాష్ట్రం రాకముందటి వేసవుల్లో, పౌరోహిత్యానికని ఇంట్లో చెప్పి సంతబొమ్మాళి వైపు ఒక జాలర్ల పేటకు వెళ్ళేవాడు. తలకు తువ్వాలు చుట్టి, జంధ్యం చొక్కా కింద దాచి, ఒక ముసలి కథకుడి పక్కన జముకు వాయించేవాడు. ఎవరివని వాళ్ళు అడగలేదు. భోజనం మాత్రం ఏదో వంకతో తప్పించుకునేవాడు. ఒకనాడు తప్పలేదు. అందరితోపాటు కూర్చున్నాడు. అన్నం వడ్డించగానే అతని కుడిచెయ్యి, అతణ్ణి అడగకుండానే, నీళ్ళు తీసుకుని విస్తరి చుట్టూ తిప్పింది.

"ఏటి బావా, ఆ నీల్లు అలగ తిప్పేసినావు? నువ్వు బాపనోడివేటి?" అన్నాడు కథకుడు.

వడ్డించిన ఆవిడ విస్తరి తీసేసింది. "మాకు పాపం సుట్టుకుంటాది బాబూ. తమరు లెగండి" అంది.

"అంతవరకూ బావా అన్నవాళ్ళు బాబూ అన్నారు వదినా. నేను పోయింది అక్కడే" అని తర్వాత నాతో అన్నాడు.

సంగతి మందస చేరింది. కులపెద్దలు గుండు చేయించి, ప్రాయశ్చిత్తం జరిపించారు. ఇక తోలు ముట్టనని దేవుడి ఎదుట ఒట్టు వెయ్యమన్నారు. లేకపోతే కొడుకు ఒడుగుకు ఒక్క బ్రాహ్మడూ గడప తొక్కడన్నారు. వేశాడు.

ఆచారం విషయంలో నేనెంత పట్టుదల మనిషినో తెలిసినవారికి ఈ మాటలు వింతగా ఉండవచ్చు. ఇంట్లో అతను ఆడిన అబద్ధాన్ని నేను ఇప్పటికీ ఒప్పని అనను. కాని ఆ తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడల్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి తోమిన గిన్నె అతని వైపు జరిపాను. బోర్లించి పక్కన పెట్టాడు.

"అక్కడ బ్రాహ్మణ్ణని దాచేను. ఇక్కడ వాయించేవాణ్ణని దాస్తున్నాను. ఏదీ దాచకుండా కూర్చోడానికి ఒక్క పీటైనా లేదేటి వదినా?"

నేను ఆ గిన్నె తీసుకుని మళ్ళీ తోమడం మొదలుపెట్టాను.

మరిది పోయిన పదోరోజున, నేనక్కడ ఉండగానే, ఆ ముసలి కథకుడు మందస వచ్చాడు. లోపలికి రమ్మన్నవాళ్ళూ లేరు, అతను వస్తాననీ అనలేదు. జముకును మరిది ఇంటి అరుగు చివర పెట్టాడు. తీగ వదులు చేసి ఉంది.

"బాబు మా పేట్నుంచి ఎల్లిపోయిన కాణ్ణుంచి దీన్ని ఎవులూ వాయించనేదు" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

తోలు ఇంట్లోకి రాకూడదు. పారేద్దామంటే ఎవరి చెయ్యీ లేవలేదు. స్నానాలు చేసి వచ్చినవాళ్ళు దానికి ఎడంగా నడిచి లోపలికి వెళ్తున్నారు. నేను బస్సుకు బయలుదేరేటప్పుడు అతని కూతురు అరుగు కడుగుతోంది. జముకు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపింది. అది తడవకుండా, చెంబుతో దాని చుట్టూ నీళ్ళు తిప్పి పోసింది.