సత్తియ్య తాళం

అనకాపల్లి మెయిన్ రోడ్డులో, చెప్పుల షాపు మెట్ల పక్కన, నల్ల గొడుగు కింద చెక్కపెట్టె ముందేసుకుని సత్తియ్య కూర్చోబట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది. పెట్టె మీద తెల్లరంగుతో ‘ఇచ్చట అన్ని రకముల తాళములు వేయబడును’ అని ఉంటుంది. ‘చేయబడును’ అని రాయమంటే పెయింటరు అలా రాశాడు. ఎవరి తాళం వాళ్లే వేసుకుంటారు, దానికి మళ్లీ మనిషిని పెట్టుకోవాలా అని మొదట్లో దారినపోయేవాళ్లు నవ్వారు. తరవాత వాళ్లకి అలవాటైపోయి మానేశారు. సత్తియ్య మాత్రం దిద్దించలేదు. అక్షరం తప్పైనా రంగు మంచిదన్నాడు.

తాళంకప్ప చేతికిస్తే చాలు, అది ఎక్కడిదో చెప్పేస్తాడు. పూడిమడకదైతే ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటుంది. బెల్లం కొట్లదైతే కన్నంలోంచి ముందు చీమలు దిగుతాయి. చీమల్ని దులిపి, సన్నటి ఊచ లోపలికి పోనిచ్చి, కుడిచెవి కప్పకి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. లోపల ఎక్కడో ‘టిక్’ మనాలి. తాళం తియ్యడం చేతిపని అని లోకం అనుకుంటుంది కానీ అది చెవిపనట. అందుకే పెద్దవాళ్లు తాళంచెవి అన్నారని సత్తియ్య వాదన. కాదనడానికి ఎవరికీ తీరిక లేదు.

కుడిచెవి పనికి పోగా మిగిలిన ఎడమచెవి పాటలది. సెల్లులో నాలుగువందల పాటలు ఎక్కించిన కార్డు ఉంది. ఇయర్‌ఫోన్ వైరు ఒక కొస ఎడమచెవిలో, రెండో కొస చొక్కా జేబులో. పొద్దున్న గొడుగు విప్పినప్పుడు మొదలైతే సాయంత్రం ముడిచేదాకా అంతే.

ఇక్కడొక చిక్కుంది. ఆ పాటలు తీసినవాళ్లు రెండు చెవులూ పెట్టి వినేవాళ్ల కోసం తీశారు. కొన్ని వాయిద్యాలు ఎడమవైపు పెట్టారు, కొన్ని కుడివైపు పెట్టారు. ఈ సంగతి సత్తియ్యకి ఎవరూ చెప్పలేదు. కర్మం చాలక అతని కార్డులో పాటలకి తబలా, డోలకు, గజ్జెలు ఎడమవైపు పడ్డాయి. వయొలిన్లు, వేణువులు జేబులోకి పోయాయి. తెలుగు పాటల్లో వయొలిన్ బహు తక్కువ అని అతను ఏళ్ల తరబడి గట్టిగా నమ్మాడు. అంచేత అతనికి తెలిసిన సంగీతంలో ముప్పాతిక మువ్వీసం దరువే.

దరువు చెవిలో ఊరుకోదు, వేళ్లలోకి దిగుతుంది. కంచం మీద, తలుపు మీద, నీళ్లబిందె మీద సత్తియ్య వేళ్లు ఆడుతూనే ఉంటాయి. అక్కడితో ఆగినా బాగుండేది. చెడిపోయిన తాళంచెవుల్ని పారెయ్యకుండా ఆకురాయితో అరగదీసి, మేకుతో కొట్టి, మోగించి చూసేవాడు. కొస అరగదీస్తే మోత పైకి పోతుంది, నడుం అరగదీస్తే కిందికి దిగుతుంది. అలా అరగదీసి అరగదీసి, తొమ్మిదేళ్లలో సరిగమపదని ఏడూ సంపాదించి ఒక తీగకి గుచ్చాడు. అందులో ‘ప’ ఒక్కటే రెండేళ్లు ఏడిపించింది. ఆఖరికి రాంబిల్లి నుంచి ఎవరో తెచ్చి వదిలేసిపోయిన భోషాణం తాళంచెవిలో దొరికింది. జానెడు పొడుగు, ఇత్తడిది. అది మొదటిసారి మోగిన రోజున సత్తియ్య మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయాడు.

ఇంట్లో మాత్రం ఈ కళకి ఆదరణ లేదు. భార్య సత్యవేణి ఒకసారి గరిటె పట్టుకునే తేల్చి చెప్పేసింది.

“సంగీతం రానోడు ఊరుకుంటాడు. వచ్చినోడు కచేరీ సేత్తాడు. నువ్వేటయ్యా, మజ్జిన?”

సత్తియ్య కంచం మీంచి వేళ్లు తీసేశాడు. కానీ అతనికి కోరిక ఒకటుంది, అది భార్యకి కూడా చెప్పలేదు. గవరపాలెంలో ఇంటికి పోయే దారిలో భజన మందిరం ఉంది. ప్రతి శనివారం సాయంత్రం అక్కడ సైకిలు దిగి, గోడ పక్కన నిలబడి ఒక పాట వింటాడు. లోపల కన్నబాబు అనే ఆసామి ఇత్తడి తాళాలు వాయిస్తాడు. ఒక్క శనివారం, ఒక్క పాటకి, ఆ తాళాలు తన చేతికి రావాలి. అంతకు మించి సత్తియ్య దేవుణ్ణి ఏదీ అడగలేదు. అదీ బయటినుంచే అడిగాడు.

మొన్న కార్తీకంలో కన్నబాబు పాయకరావుపేటలో కూతురి దగ్గర ఉండిపోవడానికి వెళ్లిపోయాడు. వెళ్లి వారం తిరక్కుండానే, ఎదురుగా పూలు అమ్మే మరిడమ్మ బుట్ట నెత్తి మీద పెట్టుకునే వచ్చింది.

“సత్తియ్యన్నా, భజన మందిరం నుంచి దేవీప్రసాద్ మాస్టారు కబురెట్టేరు. శనివారం సాయంత్రం నిన్ను రమ్మన్నారు. తాళం ఎయ్యాలంట.”

సత్తియ్య ఎడమచెవిలోంచి వైరు తీశాడు.

“నన్నా?”

“నిన్ను కాక నన్నా? సత్తియ్యే రావాలి, ఇంకోడి వల్ల కాదు అన్నారు.”

దేవీప్రసాద్ మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవారు. భజనలో హార్మోనియం ఆయనదే, పెత్తనమూ ఆయనదే. అంతటి మనిషి తన సంగతి ఎలా కనిపెట్టారా అని సత్తియ్య ఆ రోజంతా ఆలోచించాడు. గోడ పక్కన నిలబడ్డప్పుడు సైకిలు సీటు మీద వేళ్లు ఆడించడం చూసి ఉంటారని తేల్చుకున్నాడు. ఆ సంతోషంలో ఒక స్కూటరు డిక్కీకి ఇంకో స్కూటరు తాళంచెవి కోసేశాడు.

సత్యవేణి ఆ కబురు విని గరిటె కింద పెట్టింది. తరవాత “నాకు ముందే తెలుసు” అంది. ఏం తెలుసో సత్తియ్య అడగలేదు. సాయంత్రానికి మూడు వీధులకి తెలిసింది. వారం రోజులు ఆవిడ రెండు గిన్నెమూతలు స్వయంగా తెచ్చి చేతికిచ్చి, “కానియ్” అని పక్కన కూర్చుంది. ఆకలేస్తోందంటే, ఇంకోసారి వాయించేక అంది.

శనివారం నాలుగింటికే సత్తియ్య గొడుగు ముడిచాడు. పనిముట్ల పెట్టె చెప్పుల షాపులో అప్పజెప్పాడు. ఇస్త్రీ పంచె కట్టుకుని, మాస్టారు అడిగితే చూపిద్దామని ఏడు తాళంచెవుల తీగ జేబులో వేసుకున్నాడు. దారిలో ఏ స్వరమైనా తేడా చేస్తే సర్దుకోడానికి చిన్న ఆకురాయి కూడా వేసుకున్నాడు. మందిరంలో ఆడవాళ్ల వైపు ముందు వరసలో సత్యవేణి పట్టుచీరతో కూర్చుంది. పక్కన సాక్ష్యానికి పొరుగింటి బుల్లమ్మని కూర్చోబెట్టుకుంది.

“వచ్చేవా సత్తియ్యా” అన్నారు మాస్టారు. “నీ పెట్టె ఏదీ?”

“పెట్టేటండి?”

“పనిముట్ల పెట్టయ్యా! కన్నబాబు బీరువా తాళంచెవి మొలతాడుకి కట్టుకునే పాయకరావుపేట వెళ్లిపోయేడు. అడిగితే వచ్చే నెల తెస్తానంటాడు. తాళాలూ మద్దెలా అన్నీ బీరువాలోనే ఉండిపోయేయి. ఈ కప్ప తీసి, దీనికి కొత్త తాళంచెవి వెయ్యాలి. మరిడమ్మ చెప్పలేదా?”

“సెప్పిందండి” అన్నాడు సత్తియ్య.

మరిడమ్మ అబద్ధం చెప్పలేదు. తాళం వెయ్యాలనే చెప్పింది. సత్తియ్య ఇస్త్రీ పంచె కొస సర్దుకున్నాడు. అటు ముందు వరసలో సత్యవేణి, “ఇప్పుడు మా ఆయన” అంటూ బుల్లమ్మకి వేలు పెట్టి చూపిస్తోంది. పెట్టె తెస్తానని బయటికి వెళ్తే ఎందుకు తేలేదని అడుగుతారు. తాళంచెవులు కోసేవాడికి భజన తాళం ఎందుకయ్యా అని నవ్వుతారు. నవ్వినా పడొచ్చు, కానీ ఆవిడ ముందు నవ్వుతారు.

“దీనికి పెట్టెందుకండి” అని బీరువా ముందు కూర్చున్నాడు.

అది పాతకాలపు కప్ప, గుప్పిట్లో పట్టనంతది. జేబులో తీగ తీసి ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ‘స’ దూరలేదు. ‘రి’, ‘గ’ లోపలికెళ్లి ఊరికే తిరిగాయి. అంత లోతుకి అందేది ఒక్కటే ఉంది, రాంబిల్లి భోషాణం తాళంచెవి. సత్తియ్య దాన్ని కాసేపు అలాగే పట్టుకున్నాడు. “అవుతుందా?” అన్నారు మాస్టారు. అవుతుందని చెప్పి ఆకురాయి అందుకున్నాడు. కుడిచెవి కప్పకి ఆనించి వింటూ, కొంచెం కొంచెం అరగదీశాడు. రెండేళ్లు పట్టిన ‘ప’ ఏడు నిమిషాల్లో పోయింది. ‘టిక్’ మంది.

“శభాష్” అన్నారు మాస్టారు. “కప్ప పట్టుకెళ్లి నూనె వేసి సోమవారం ఇచ్చెయ్. ఇక నువ్వెళ్లు, మాకు వేళైపోయింది.”

సత్తియ్య గుమ్మం దాకా వెళ్లాడు. అక్కణ్ణించి ఇంటికి పోలేడు, లోపలికి రాలేడు. చెప్పులు విడిచే చోట, చేతిలో తాళంకప్పతో కూర్చుండిపోయాడు. సత్యవేణి మెడ సాచి, ఏటది అన్నట్టు చెయ్యి తిప్పింది. అతను చెప్పుల వైపు చూశాడు.

తాళాలు టెంట్ హౌస్ వెంకటరమణ అందుకున్నాడు. జంపఖానాలు, మైకు ఊరికే ఇచ్చిన మనిషి కాబట్టి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. మొదటి పాటలో తాళం పాట కంటే ముందు పరిగెత్తింది. రెండో పాటలో వెనకబడి, మధ్యలో రెండుసార్లు దారి తప్పింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మైకు బాగాలేదన్నాడు. మైకు అతనిదే.

మూడో పాట ఎత్తుకున్నారు. సత్తియ్య చెవుల్లో ఇవాళ వైరు లేదు. ఎడమవైపు మద్దెల, కుడివైపు హార్మోనియం. పాట రెండు వైపుల నుంచీ వస్తుందని, ఇన్నాళ్లూ గోడ బయటినుంచే విన్న అతనికి ఇప్పుడే తెలిసింది. సగమే విన్నానా అనుకున్నాడు. అంత బాగున్న పాట మధ్యలో వెంకటరమణ తాళం బస్సు కోసం పరిగెత్తేవాడిలా పోతోంది. ఓర్చుకున్నాడు, ఇంకాస్త ఓర్చుకున్నాడు. తరవాత తనకి తెలియకుండానే ఇత్తడి తాళంచెవితో కప్ప మీద కొట్టడం మొదలెట్టాడు.

ఇనపకప్ప మీద ఇత్తడి, ఖణీమని మోగింది. మద్దెల అటు తిరిగింది. గొంతులు అటు తిరిగాయి. ఒక చరణం మొత్తం ఊరంతా ఒక్క అడుగు వేసినట్టు నడిచింది. హార్మోనియం ఆగింది.

“ఎవరయ్యా అది?”

అందరూ గుమ్మం వైపు చూశారు. సత్తియ్య లేచి నిలబడ్డాడు.

“సత్తియ్యా! నువ్వింకా వెళ్లలేదా?”

“తమరే కదండి కబురెట్టేరు” అన్నాడు సత్తియ్య. “తాళం ఎయ్యాలని.”

మాస్టారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఇస్త్రీ పంచె, తేని పెట్టె, ముందు వరసలో పట్టుచీర. ఈ మూడూ కలుపుకోడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“అవునయ్యా, నేనే పెట్టేను” అన్నారు, ముందు వరసకి వినపడేలా. “మరి చెప్పుల దగ్గర కూచున్నావేటి? లోపలికి రా.”

వెంకటరమణ తనకి మణికట్టు నొప్పిగా ఉందని తాళాలు ఇచ్చేశాడు. ఒక్క పాటకని అడిగిన సత్తియ్యకి దేవుడు ఆ సాయంత్రం పదకొండు పాటలు ఇచ్చాడు.

దారంతా సత్యవేణి బుల్లమ్మతోనే మాట్లాడింది. బుల్లమ్మ తన గుమ్మంలోకి వెళ్లేక మొగుడితో అంది.

“ఏటయ్యా, ముందు తాళం తీసేవు, తరవాత తాళం ఏసేవు. భజన్లో అందరూ అలాగే సేత్తారా?”

“పెద్దోళ్లు సేత్తారు” అన్నాడు సత్తియ్య.

మర్నాడు ఆదివారం. కాఫీ తాగి అరుగు మీద కూర్చుని, తీగ కిటికీ ఊచకి తగిలించి, మేకుతో మెల్లిగా వాయించాడు. స, రి, గ, మ. కాస్త ఆగి ద, ని. వంటింట్లో మరిగే నూనె చప్పుడు ఆగింది. సత్యవేణి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఆ టకటక ఆపమంటున్న మనిషి.

“ఏటయ్యా, మజ్జిన ఒకటి పోయిందేటి?”