కాగితం రెండో వైపు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకనే. రైలు సిబ్బంది పడుకునే బిట్రగుంట రన్నింగ్ రూములో డ్యూటీ దిగిన ప్రతివాడి దగ్గరా ఒక కథ ఉండేది. తెల్లచీర, గజ్జెల చప్పుడు, పట్టాల మీద కూర్చున్న మనిషి. అందరి దయ్యాలకీ అదే చీర. వింటే నాకు నవ్వు కూడా వచ్చేది కాదు.

నేను చదివింది ఎనిమిదో తరగతే. మిగతాదంతా లైబ్రరీలో సంపాదించుకున్నాను. నక్షత్రాలు, విద్యుత్తు, అణువు, దేనిమీద పుస్తకం దొరికినా వదల్లేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చాను. గూడ్సు గార్డుల్లో అలా చదివేవాడు ఇంకొకడు లేడు. ఆ మాట నేనే నలుగురికీ చెబుతుండేవాణ్ణి.

అరవైల్లో ఒక మే నెల. గూడూరులో మా గూడ్సుకు సీలు వేసిన వ్యాగను ఒకటి తగిలించారు. అభ్రకం గనుల్లో దొరికిన బరువైన నల్లరాయి, పెట్టెలకెత్తి పరీక్షల కోసం పైకి పంపుతున్నారు. రేడియోధార్మికత ఉన్న రాయి. దాని కిరణాలు కంటికి కనపడవు, ఒంటికి తెలియవు. దగ్గర ఎక్కువసేపు ఉన్నవాడికి ఏళ్ల తర్వాత రక్తంలో బయటపడుతుంది. ఇదంతా నేను పుస్తకాల్లో చదివి ఉన్నాను.

సిబ్బంది పాటించాల్సిన నిబంధనలు ఇంగ్లీషులో రాసి, కవరు అంటించి యార్డు ఆఫీసులో నా చేతికిచ్చారు. నాతో వచ్చే బ్రేక్స్‌మన్, ఫైర్‌మన్ ఇద్దరూ అప్పుడు ఇంజను దగ్గరున్నారు. కవరు నేనే చించి ముందువైపు చదివాను. రైలు ఆగినప్పుడు ఆ వ్యాగను పక్కన ఎవరూ కూర్చోకూడదు, పడుకోకూడదు. ఈమాత్రం నాకు తెలియనిదా అని మడిచి జేబులో పెట్టుకున్నాను.

దాన్ని సిబ్బందికి చెప్పడం నా పని. నేను చెప్పింది వేరు. బ్రేక్స్‌మన్ మస్తాన్‌నీ, ఫైర్‌మన్ పెంచలయ్యనీ నిలబెట్టి, అణువు లోపల ఏముంటుందో పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. పెంచలయ్య ఆవులించాడు. వీళ్లకు చెప్పడం దండగనుకుని, బండి చివర గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్ ఎక్కాను. చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పలేదు.

కొడవలూరులో మెయిలుకు దారివ్వడానికి మమ్మల్ని పక్కనుండే లూపులైన్లో నిలిపారు. మధ్యాహ్నం రెండున్నర దాటింది. గూడ్సు ఆగితే వ్యాగన్ల నీడలో తువ్వాలు పరుచుకుని నడుం వాల్చడం మావాళ్ల అలవాటు. డ్రైవరు ఇంజను దిగలేదు, పెంచలయ్య దిగి వెనక్కి మస్తాన్ దగ్గరికి వచ్చాడు. నేను వ్యాన్‌లోనే పుస్తకం తెరిచాను.

కాసేపటికి మస్తాన్, పెంచలయ్య ఎండలోకి లేచి నా వ్యాన్ మెట్ల దగ్గరికి వచ్చారు. నీడ వదిలి వచ్చారేమని అడిగాను.

“ఆడ ఒక పెద్దాయన ఉండాడు సార్. ఈ సీలు వ్యాగను పక్కన పడుకోబాకండి, ఎడంగా పొండి అన్నాడు,” అన్నాడు మస్తాన్.

దిగి చూశాను. కోత అయిపోయిన వరిమళ్లు. కనుచూపు మేర మనిషి లేడు. మీ పెద్దాయన మడిలో ఇంకిపోయాడా అని ఎగతాళి చేశాను. తలకు తువ్వాలు చుట్టుకుని, నీడ ఉండగా ఎండలో కూర్చున్నాడని పెంచలయ్య అన్నాడు. ఇద్దరి మాటా ఒకటే. ముందే కూడబలుక్కుని వచ్చారనుకున్నాను.

మస్తాన్ ఇంకా నసుగుతున్నాడు. “మీకూ ఒక మాట చెప్పమన్నాడు సార్. జోబీలో కాగితం తిప్పి చూడమన్నాడు.”

నేను తిప్పి చూశాను.

వెనకవైపు కూడా నిబంధనలున్నాయి. సిబ్బంది ప్రయాణం చేసే చోటికీ ఆ వ్యాగనుకూ మధ్య ఎన్ని వ్యాగన్ల ఎడం ఉండాలో అంకె వేసి రాశారు. ఆ వ్యాగను మా బ్రేక్‌వ్యాన్‌కు ఆనుకునే ఉంది. గూడూరు నుంచీ నేనూ, పాతికేళ్లయినా నిండని మస్తానూ దాని వెనకే కూర్చుని వచ్చాం.

స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్లి ఆ వ్యాగను మార్చందే బండి కదలదన్నాను. “గూడూరులో లేని భయం మా ఊళ్లో పుట్టిందా గార్డుగారూ?” అన్నాడాయన. షంటింగుకు గంటపైనే పట్టింది. ఆలస్యానికి సంజాయిషీ అడిగితే నిబంధన రాశాను. మనిషి సంగతి రాయలేదు.

ఆ కాగితం చదివినవాడెవడో అక్కడికి ముందే చేరాడనుకుందామంటే, మా వ్యాగను కొడవలూరులో ఆగుతుందని మాకే తెలియదు. మావాళ్ల కల్పన అనుకుందామంటే, ఇద్దరికీ ఇంగ్లీషు అక్షరం రాదు. నేనే అవతలి వైపు ఓరగా చూసి, వాళ్ల ముందు నోరు జారి మరిచిపోయానేమోనని కూడా ఆలోచించాను. మనసు ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం బిట్రగుంటలో దిగాక మస్తాన్‌ని అడిగాను. నేను అక్కడే ఉన్నాను కదా, ఆ మనిషి నాతోనే చెప్పొచ్చు కదా అని.

వాడు తల వంచుకున్నాడు. “అదే అడిగినాను సార్. మీ గార్డు చదువుకున్నోడు, నేను ఎదురుగా నిలబడినా నన్ను చూడడు అన్నాడు.”

నేను వ్యాన్ దిగి ఆ మళ్లకేసి చూసినప్పుడు నా ఎదురుగా ఎవరైనా నిలబడి ఉన్నారో లేదో, నాకిప్పటికీ తెలియదు.