ఆదివారం కొట్టకూడని మందు

వేమూరు దగ్గర ఆశీర్వాదానికున్న ఎకరం మాగాణికి కాలువ నీళ్ళు నేరుగా రావు. పైనున్న సుందరయ్య మడి నిండాకే గండిలోంచి ఇటు దిగుతాయి. సుందరయ్య పురుగుకి గుళికలు చల్లాడంటే మర్నాటికి ఆశీర్వాదం మడిలో కప్పలూ చేపపిల్లలూ వెల్లకిలా తేలేవి. ఇక ఈయన వేపగింజలు దంచి, నానబెట్టి, వడకట్టి, కుంకుడు రసం కలిపి కొట్టి ఏం లాభం?

తొంభై ఒకటిలో కొట్లో కొన్న మందు కొడుతూ గట్టుమీద కళ్ళు తిరిగి పడ్డాడు. తెనాలి ఆసుపత్రిలో బతికి బయటపడ్డాక మళ్ళీ ఆ డబ్బా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. తనొక్కడూ ముట్టకపోతే సరా, పై మడివాడు కూడా మానాలిగా! టీ కొట్టు దగ్గర సుందరయ్యకి నోరు నొప్పెట్టేలా చెప్పాడు.

"వేపగింజలకే వరికి పట్టిన దోమ పోతే మందుల కొట్లవాళ్ళు ఎట్టా బతకాలయ్యా?" అని నవ్వేవాడు సుందరయ్య. ఆయన నవ్వితే బెంచీ మీదున్నవాళ్ళంతా నవ్వేవారు. ఆయన చల్లితే చల్లేవారు. అదీ ఆ ఊరి వ్యవసాయం.

ఓసారి కర్లపాలెంలో చెల్లెలు అచ్చమ్మ ఇంటికి వెళ్ళి అక్కసంతా వెళ్ళగక్కాడు. నాట్లకు వెళ్ళే అచ్చమ్మ నవ్వలేదు సరిగదా, ఎలా చెయ్యాలో అంతా అడిగింది.

"సాయంత్రం పూట కొట్టాలమ్మా. ఆదివారం మాత్రం కొట్టను" అన్నాడు. ఆదివారం చర్చి మానే మనిషి కాదు మరి.

రెండేళ్ళు గడిచాక సుందరయ్యే ఆశీర్వాదాన్ని గట్టుమీద పిలిచి ఆపాడు.

"ఏమయ్యా, వేప వేప అని అరిచేవాడివి గానీ నీకు సరిగ్గా తెలీదు. కర్లపాలెంలో మా బావమరిది పద్ధతి విను. వాళ్ళ నాట్ల ఆడోళ్ళు చెప్పారంట. కుంకుడు రసం కలిపి సాయంత్రం కొట్టాలి. ఆదివారం మాత్రం కొట్టకూడదు, కొడితే మందు విరిగిపోద్దంట. అదీ అసలు కిటుకు. ఈ ఏడు నేను గుళికలు మానేశా."

ఆశీర్వాదానికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు తను మొత్తుకున్నా చెవిన పెట్టని మాట, బావమరిది చెప్పేసరికి వేదమైపోయిందా? 'ఆ ఆదివారం నాదండి, నేను చర్చికెళ్ళే ఆదివారం' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఇది ఆశీర్వాదం మందని తెలిస్తే బెంచీ మళ్ళీ నవ్వుతుంది. బెంచీ నవ్వితే సుందరయ్య మళ్ళీ గుళికల సంచీ విప్పుతాడు. గండిలోంచి సుందరయ్య మడి నీళ్ళు తన మడిలోకి దిగుతూనే ఉన్నాయి.

"అవునండి, ఆదివారం కొట్టకూడదండి" అన్నాడు.

"ఇప్పటికైనా నేర్చుకో" అని భుజం తట్టి వెళ్ళాడు సుందరయ్య.